ఫార్మాట్ కొడితే అన్నీ సెట్ అయితయా? డెస్క్‌టాప్ అపోహలు - వాస్తవాలు

హన్మకొండల సిస్టమ్‌లు రిపేర్ చేస్త. వచ్చినోళ్లు సీపీయూ టేబుల్ మీద పెట్టుడుతోనే "అన్నా, స్లో అయింది, మధ్యల బందైతుంది, ఫార్మాట్ కొట్టు" అంటరు. స్లో వేరు, బందయ్యుడు వేరు, రెండిటికి ఒక్కటే మందు ఎట్ల పనిచేస్తది?

అపోహ: ఫార్మాట్ కొడితే కొత్తదాని లెక్క ఉరుకుతది.
వాస్తవం: విండోస్ ఖరాబైతెనో వైరస్ ఉంటెనో సరే, గని పాత హార్డ్ డిస్కే పోతుంటే నాలుగు రోజులకు మళ్ల అదే కథ. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు నొక్కి టాస్క్ మేనేజర్ చూడుండ్రి, ఏ పని చేయకున్నా డిస్క్ 100 శాతం దగ్గర్నే ఉంటుందంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (డిస్క్ ఆరోగ్యం చూపే సాఫ్ట్‌వేర్) వేసి 05 (ఖరాబై పక్కకు పెట్టిన జాగలు), సీ5 (ఖరాబని అనుమానమున్న జాగలు) లైన్ల రా వాల్యూ (అసలు లెక్క) చూడాలె, సున్నా కాకుంటే ముందు బ్యాకప్, ఫార్మాట్ ముచ్చట తర్వాత. సీ7 (డేటా పోయేటప్పుడు వచ్చే తప్పుల లెక్క) ఒక్కటే పెరుగుతుంటే చాలాసార్లు డిస్క్‌ను బోర్డుకు కలిపే సాటా కేబుల్‌దే లొల్లి, ఊకె డిస్క్ కొనకుండ్రి. డిస్క్ మంచిగున్నా స్లో అంటే ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని ఫాస్ట్ డిస్క్) వేసుకోండ్రి, పాత సిస్టమ్‌కు దాన్ని మించింది లేదు.

అపోహ: ర్యామ్ ఎంత పెంచితే అంత స్పీడు.
వాస్తవం: 4 జీబీతోని అవస్థ పడుతుంటే పెంచుండ్రి. 8లనే సగం ఖాళీగుంటే 16 వేసినా ఫరక్ పడది.

అపోహ: దానంతట అదే రీస్టార్ట్ అయితుందంటే వైరసే.
వాస్తవం: నా దగ్గరికి వచ్చేటియి ఎక్కువ వేడి, ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటిచ్చే డబ్బా), ర్యామ్ కేసులే. ఎనుమాముల మార్కెట్ దిక్కు దుకాణాలయి విప్పితే హీట్‌సింక్‌ల (ప్రాసెసర్ వేడి గుంజే లోహపు రెక్కలల్ల) పత్తి నూగు మెత్త లెక్క పేరుకొని ఉంటది, గోదావరిఖని నుంచి వచ్చినయి అయితే నల్లగ బొగ్గు దుమ్ము, గాలి ఆడక ప్రాసెసర్ ముందు స్పీడు తగ్గించుకుంటది, అప్పటికీ వేడి ఆగకపోతే బందైతది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలుతోని ఆపి పట్టుకోండ్రి. ఎస్ఎంపీఎస్‌ల 12 వోల్టుల లైన్ లోడ్ మీద 11.4 కంటే కిందికి పడితే మార్చుడే.

ఈవెంట్ వ్యూయర్ల (విండోస్ రాసుకునే చిట్టా) కెర్నల్ పవర్ 41 అనే ఎర్రర్ చూసి ఎస్ఎంపీఎస్ పోయిందని ఫిక్స్ అయితరు కొందరు. సిస్టమ్ సరిగ్గ షట్‌డౌన్ కాలేదని చెప్తది గంతే, ఎందుకో చెప్పది.

అపోహ: రైట్ క్లిక్, రిఫ్రెష్ కొడుతుంటే ఫాస్ట్ అయితది.
వాస్తవం: డెస్క్‌టాప్ మీద ఐకాన్లు మళ్ల గీస్తది. అంతే.

అపోహ: బ్లూ స్క్రీన్ వస్తే మదర్‌బోర్డు పోయినట్టే.
వాస్తవం: పవర్ ప్లగ్ పీకి, ర్యామ్ తీసి, కాంటాక్టులను రబ్బరుతోని మెల్లగ తుడిచి పెట్టుండ్రి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి నడిపి, రాత్రంతా మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌ను పరీక్షించే సాఫ్ట్‌వేర్) పెట్టుండ్రి, ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్‌ను, స్లాట్‌ను మార్చి చూసినంకనే బోర్డు మీదికి పోవాలె.