‘ఫ్రైట్ ట్రెయిన్’ పాట మొదట ఎవరి పేరున రిజిస్టరైంది?

జనం పాటకు హక్కుదారు ఎవరన్న గొడవ మళ్లీ రాజుకుంది. ‘జానపదం కదా, ఎవరైనా వాడుకోవచ్చు’ అని ఒక పక్షం, ‘కట్టిన మనిషి పేరు ఎందుకు వేయరు’ అని ఇంకో పక్షం. ఇలాంటప్పుడు అమెరికన్ జానపద, బ్లూస్ గాయని ఎలిజబెత్ కాటెన్ సంగతి తప్పక తెలుసుకోవాలి. సంగీత కుటుంబమైన సీగర్ల ఇంట్లో పనిచేస్తూ, గోడకున్న గిటార్ తీసి వాయించిన ముచ్చట చాలామందికి తెలిసిందే. అసలు మలుపు ఆ తర్వాత ఇంగ్లండ్‌లో వచ్చింది.

ఆ ఇంటి అమ్మాయి పెగ్గీ సీగర్ 1950ల మధ్యలో అక్కడికి వెళ్లి, కాటెన్ దగ్గర నేర్చుకున్న ‘ఫ్రైట్ ట్రెయిన్’ను పాడారు. పాల్ జేమ్స్, ఫ్రెడ్ విలియమ్స్ అనే ఇద్దరు దాన్ని తమ పేర్ల మీద కాపీరైట్ చేయించుకున్నారు. 1957లో చాస్ మెక్‌డెవిట్ బృందం, నాన్సీ విస్కీ గొంతుతో వదిలిన రికార్డు బ్రిటన్‌లో పెద్ద హిట్. కాటెన్ సొంత ఆల్బమ్ వచ్చింది 1958లో. అంటే తన పాటతో తాను జనంలోకి వచ్చేసరికే కాగితాల మీద అది పరాయి సొత్తు! పెళ్లయ్యాక చర్చి పెద్దలు ఇలాంటి పాటలు తగవనడంతో ఆమె ఎన్నో ఏళ్లు గిటార్‌కు దూరమయ్యారు. అందుకే అప్పటికి చూపించుకోవడానికి ఒక్క రికార్డు కూడా లేదు.

చేతులు మారుతూ వచ్చిన పాటకు కర్త తెలియదనుకున్నారని సర్దిచెప్పవచ్చు. కానీ కర్త తెలియనప్పుడు తమ పేర్లు ఎలా రాసుకున్నారు? నార్త్ కరొలినాలోని కార్‌బరోలో, రైలు పట్టాల దగ్గర పెరిగిన అమ్మాయి చిన్నతనంలోనే కట్టుకున్న పాట అది.

1958 ఆల్బమ్‌ను పెగ్గీ అన్న మైక్ సీగర్ రికార్డ్ చేయగా ఫోక్‌వేస్ కంపెనీ విడుదల చేసింది. అందరూ పాడుకునే ‘గోయింగ్ డౌన్ ద రోడ్ ఫీలింగ్ బ్యాడ్’ లాంటి పాత పాటలూ, ఆమె కట్టినవీ అందులో పక్కపక్కనే ఉంటాయి. అంతా జానపదమే అనేవాళ్లు ఆమె వాయింపును జాగ్రత్తగా వినాలి. ఆమెది ఎడమచేతి వాటం. కుడిచేతివాళ్ల గిటార్‌నే, తీగలు మార్చకుండా, తిరగేసి పట్టుకునేవారు. దాంతో లావు తీగలు కిందికి వచ్చేవి. మిగతావాళ్లు బొటనవేలితో వాయించే బేస్‌ను, అంటే మంద్ర స్వరాలను, ఆమె వేళ్లతో వాయించేవారు, వరసను బొటనవేలితో పలికించేవారు. ‘కాటెన్ పికింగ్’ అనే పేరే వచ్చింది. చేతిరాతను గుర్తుపట్టినట్టు ఆ వాయింపును గుర్తుపట్టవచ్చు. ఇలాంటి మనిషి కట్టిన పాటను అనాథ పాట అనడం అన్యాయం.

సీగర్ కుటుంబం పట్టుబట్టడంతో చివరికి ఆమె హక్కు ఆమెకు దక్కింది. తర్వాత గౌరవాలూ వచ్చాయి: 1984లో జానపద కళాకారులకు అమెరికా ఇచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్, మరుసటి ఏడాది గ్రామీ, 1987లో చనిపోయాక చాలా కాలానికి, 2022లో, రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు. కానీ ఆమె వైపు నిలబడింది సంగీత లోకంలో పలుకుబడి ఉన్న కుటుంబం. పెగ్గీ తండ్రి చార్లెస్ సీగర్ పేరున్న సంగీత శాస్త్రవేత్త. వేరే ఇంట్లో పనికి కుదిరి ఉంటే ఆమె తరఫున ఎవరు అడిగేవారు? జేమ్స్, విలియమ్స్‌ల పేర్లు ఇప్పటికీ కొన్నిచోట్ల ఆ పాట కింద రచయితలుగా కనిపిస్తూనే ఉన్నాయి.