తాళం వేసిన ఇంటికి మళ్లీ వెళ్లాలి: పిల్లలకు ఉత్తరం

తార్నాక, హైదరాబాద్

పిల్లలూ,

మొన్న మీరు వచ్చి అడిగినప్పుడు ఇల్లంతా చుట్టాలు, ఒకళ్ల మాట ఒకళ్లకు వినపడలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. నీట్‌లో సీటు రాకపోతే ఇక ఆరోగ్యం వైపు దారే లేదా అన్నది మీ మొదటి ప్రశ్న. యూనివర్సిటీలో పబ్లిక్ హెల్త్ స్కూల్ అంటారు కదా, అక్కడ డాక్టర్లు తయారవుతారా, మరి పేషెంట్లు ఏరీ అన్నది రెండోది. రెండోదానికి జవాబు చెబితే మొదటిదానికి సగం చెప్పినట్టే.

అక్కడ మంచాలుండవు, ఓపీ చీటీలుండవు. ఒక బస్తీలో ముప్ఫైమందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయనుకోండి. దవాఖానాలో డాక్టరుగారు ఒక్కొక్కళ్లనీ చూసి, ఓఆర్ఎస్ తాగించి, అవసరమైతే సెలైన్ ఎక్కించి నిలబెడతారు. ఆ పనికి సాటి లేదు. పబ్లిక్ హెల్త్, అంటే ఊరందరి ఆరోగ్యం గురించి చదివినవాళ్లు అడిగేది వేరు. ముప్ఫైమందికి వచ్చింది సరే, ఎంతమందిలో ముప్ఫై? మూడొందలమంది ఉన్న గల్లీలోనా, మూడువేలమంది ఉన్న బస్తీలోనా? రానివాళ్లు ఎవరు, వాళ్లు ఏ నీళ్లు తాగారు? నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ సర్వేలతోనే గడిచింది, ఈ "ఎంతమందిలో" అన్న ప్రశ్న కంటే ముఖ్యమైనది నాకు ఇంకోటి కనపడలేదు. దవాఖానాకు వచ్చినవాళ్లను మాత్రమే చూస్తే జబ్బు కనపడుతుంది కానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో కనపడదు.

బాగున్నవాళ్ల ఇంటికి వెళ్లి కూర్చుంటే జనం ఆశ్చర్యపోతారు. "మా ఇంట్లో ఎవరికీ ఏం కాలేదమ్మా, పక్కింటికి వెళ్లండి" అంటారు. కానీ మనకు కావలసింది వాళ్లే. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు బ్రాడ్ స్ట్రీట్‌లో ఒక చేతిపంపు చుట్టూనే చావులు ఎక్కువగా ఉన్నాయని ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నాడు. ఆ పంపు పక్కనే ఉన్న బీరు కార్ఖానాలో పనివాళ్లెవరూ చనిపోలేదు. వాళ్లు ఆ పంపు నీళ్లు తాగేవాళ్లు కాదు, కార్ఖానాకు సొంత బావి ఉంది, పైగా పనివాళ్లకు తాగడానికి బీరే ఇచ్చేవాళ్లు. జబ్బు రానివాళ్ల వల్లే అసలు సంగతి గట్టిపడింది. కలరా క్రిమి ఏమిటో అప్పటికి ఆయనకు తెలియదు, అది గమనించండి.

మన దగ్గర నీళ్ల సంగతి చెబుతాను, ఇది మీ ఇంటి దగ్గర కూడా చూడొచ్చు. చాలా బస్తీల్లో నల్లా రోజంతా రాదు. నీళ్లు వస్తున్నంతసేపూ పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఎక్కడైనా చిల్లు ఉంటే నీళ్లు బయటికే పోతాయి. సరఫరా ఆగిపోగానే ఒత్తిడి పడిపోతుంది, అప్పుడు అదే చిల్లులోంచి చుట్టూ ఉన్న మోరీ నీళ్లు లోపలికి చేరతాయి. మళ్లీ నల్లా వచ్చినప్పుడు మొదటి బిందెలో వచ్చేది అదే. అందుకని ఏ ఇళ్లల్లో జబ్బు వచ్చిందో మ్యాపు మీద గుర్తుపెట్టుకుంటూ పోతే ఆ చుక్కలు ఒక్కోసారి పైపు లైను దారినే పడతాయి. అక్కడ తవ్వించాలి, నీళ్లల్లో క్లోరిన్ ఎంత మిగిలిందో పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష చిన్న డబ్బాతో నిమిషంలో అయిపోతుంది.

ఇప్పుడు తాళం సంగతి. ఇది ఏ స్కూల్లోనైనా సర్వే పాఠంలో మొదటి రోజుల్లోనే చెబుతారు, బయటికి వెళ్లాక మర్చిపోయేది కూడా ఇదే. లిస్టులో ఉన్న ఇంటికి వెళ్తారు, తాళం ఉంటుంది. ఎండ మండిపోతుంటుంది, పక్కింటి తలుపు తీసే ఉంటుంది, ఆవిడ మంచినీళ్లు కూడా ఇస్తుంది. ఆమెనే అడిగి ఫారం నింపేద్దామనిపిస్తుంది. అలా చేయకూడదు. పగలు తాళం ఉన్న ఇల్లు ఎవరిది? ఇళ్లల్లో పనికి వెళ్లేవాళ్లది, అడ్డా మీద కూలీకి నిలబడేవాళ్లది, మొగుడూ పెళ్లాం ఇద్దరూ పనికి పోతే బడికి పోని పిల్లని కూడా వెంటబెట్టుకెళ్లేవాళ్లది. వాళ్లను వదిలేస్తే ఇంట్లో ఉండగలిగినవాళ్ల ఆరోగ్యమే మొత్తం బస్తీ ఆరోగ్యంగా రిపోర్టులోకి ఎక్కుతుంది. సాయంత్రం మళ్లీ వెళ్లాలి, లేకపోతే ఆదివారం వెళ్లాలి. నాకు ఈ పనిలో అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే.

వయసు రాయడం కూడా తేలిక కాదు. పిల్లాడు సన్నగా ఉన్నాడా, వయసుకు తగ్గ ఎత్తు లేడా అన్నది తేలాలంటే పుట్టిన నెల కావాలి, కొంతమంది తల్లులకు తేదీ గుర్తుండదు. అప్పుడు పండుగలు పట్టుకుని వెనక్కి వెళ్తాం. బోనాలకు ముందా తర్వాతా, రంజాన్ నెలలో కడుపుతో ఉన్నావా, సంక్రాంతికి పిల్లాడు బోర్లా పడ్డాడా? అలా అడుగుతూ పోతే నెల దాకా తేలుతుంది.

మన ఊరి దగ్గర జరిగిన ఒక పెద్ద పని మీకు తప్పకుండా చెప్పాలి. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, బస్సులో పోతూ రోజూ చూసేదే. 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. ఆ సంస్థవాళ్లు 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ దగ్గర 29 పల్లెల్లో ఒక అధ్యయనం చేశారు. 15 పల్లెల్లో అంగన్‌వాడీ పథకం నడుస్తోంది, గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ రోజూ ఉప్మా వండి పెట్టేవాళ్లు, మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో. మిగతా 14 పల్లెలకు ఆ పథకం ఇంకా చేరలేదు. ఎవరి నోటి దగ్గర కూడూ లాక్కోలేదు, పథకం దశలవారీగా వస్తోంది కాబట్టి పోల్చి చూశారంతే. అక్కడితో ఆపేసి ఉంటే ఎవరికీ గుర్తుండేది కాదేమో. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక మళ్లీ అవే పల్లెలకు వెళ్లారు. లండన్ యూనివర్సిటీ కింద ఉన్న పబ్లిక్ హెల్త్ స్కూలువాళ్లూ కలిశారు. 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా పెట్టిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు, వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు అంతగా గట్టిపడలేదు. బీపీలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు, ఆ మాటా దాచకుండా రాశారు. 14 మిల్లీమీటర్లు ఎంత, వేలి వెడల్పంత! ఒక్క పిల్లాణ్ణి చూస్తే అది కంటికి ఆనదు, వెయ్యిమందిని కొలిస్తేనే తెలుస్తుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడూ, పసితనంలోనూ అందిన తిండి టీనేజీలో గుండె దాకా కనపడుతుందని మన పల్లెల పిల్లలే చూపించారు.

బోదకాలు మాత్రలు పంచేటప్పుడు "నాకేం జబ్బు లేదు, నేనెందుకు మింగాలి" అని మీ నాన్నలాంటివాళ్లు అంటుంటారు. ఏ లక్షణమూ లేనివాళ్ల రక్తంలో కూడా ఆ పురుగు పిల్లలు తిరుగుతుండొచ్చు, దోమ వాటిని ఇంకొకళ్లకు చేరుస్తుంది. అందుకే రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుపడినవాళ్లు తప్ప ఊరంతా మింగాలి. ఆ మాత్రల్లో ముఖ్యమైన డీఈసీ అనే మందు వెనకున్న పరిశోధన మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందానిదే, తెలుసా?

ఇక చదువు. ఇలాంటి స్కూళ్లలో పేరున్న పాతవాటిలో ఒకటి అమెరికాలో జాన్స్ హాప్కిన్స్, 1916లో పెట్టారు. మన దేశంలో కలకత్తాలో 1932లో వచ్చింది. హైదరాబాద్‌లో చూస్తే గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ)లో మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఉంది, రెండేళ్లు, డిగ్రీ తర్వాత. ఎంబీబీఎస్ చేసినవాళ్లే కాదు, నర్సింగ్, డెంటల్, ఇంకా వేరే డిగ్రీలవాళ్లూ ఈ కోర్సుల్లో చేరతారు. ఏ డిగ్రీకి ఎక్కడ అర్హత ఉందో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి, ఎవరో చెప్పింది నమ్మొద్దు. ఎపిడెమియాలజీ (జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తోందో వెతికే చదువు), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్యానికి సంబంధించిన గణాంకాలు) గట్టిగా చదవాలి. బైపీసీ తీసుకున్నదే లెక్కలు తప్పించుకోవడానికి అన్నవాళ్లు మీలో ఒకరున్నారు, పేరు రాయను. భయపడకు తల్లీ, ఇక్కడి లెక్కల్లో ప్రతి అంకె వెనకా ఒక ఇల్లు ఉంటుంది కాబట్టి తొందరగానే ఒంటబడతాయి.

జీతాలు మొదట్లో డాక్టర్లకు వచ్చినంత రావు, ఉద్యోగాలు చాలావరకు కాంట్రాక్టు మీదే ఉంటాయి, ఈ మాట మీ అమ్మానాన్నలకు ముందే చెప్పండి. ప్రతి జిల్లాలో జబ్బుల మీద నిఘా ఉంచే యూనిట్లున్నాయి, అక్కడ ఎపిడెమియాలజిస్టులు కావాలి, కార్పొరేషన్లకు కావాలి, పరిశోధన సంస్థలకు కావాలి.

ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు పొద్దున్నే రండి. పక్క గల్లీలో ఏ ఇంటికి నల్లా ఎన్ని గంటలకు వస్తుందో, ఎవరు నీళ్లు కాచి తాగుతున్నారో మనమే రాద్దాం. నోటుబుక్కు, పెన్సిలు తెచ్చుకోండి, చెమటకు పెన్ను సిరా అలుక్కుపోతుంది. తాళం ఉన్న ఇళ్లకు సాయంత్రం మళ్లీ వెళ్లాలి కాబట్టి రాత్రి భోజనానికి ఇక్కడే ఉంటామని ఇంట్లో చెప్పి రండి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ