మాజీ సైనికులు, వాళ్ళ పిల్లల ఆరోగ్యం: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో జాలహళ్ళి, యలహంక వైపు స్థిరపడ్డ తెలుగు సైనిక కుటుంబాలు మమ్మల్ని తరచుగా అడిగే సంగతులివి.

అపోహ: గాయం ఎప్పుడో మానింది, ఒంట్లో మిగిలిన తూటా లేదా బాంబు తునకతో ఇక భయం లేదు.

చాలావరకు నిజమే. శరీరం తునక చుట్టూ గట్టి పొర కట్టేస్తుంది. తీయబోతే నరమో రక్తనాళమో దెబ్బతింటుందని సర్జన్లు కూడా వదిలేస్తారు. చిక్కంతా తూటాలోని సీసంతో. మోకాలు, తుంటి లాంటి కీలులో ఇరుక్కుంటే అక్కడి జిగురు ద్రవంలో కొద్దికొద్దిగా కరిగి, ఏళ్ళ తర్వాత కూడా రక్తంలో చేరుతుంది. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత, నీరసం వస్తాయి. గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతూ కూర్చుంటారు. అలాంటప్పుడు రక్తంలో సీసం పరీక్ష చేయమని అడగండి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు దాటితే డాక్టరు ఆరా తీయాలి.

బలమైన అయస్కాంతంతో తీసే ఎమ్మారై స్కాన్ సంగతి వేరు. ఉక్కు తునక అయస్కాంతానికి కదలొచ్చు, వేడెక్కొచ్చు. కంట్లోనో వెన్నుపాము పక్కనో ఉంటే చాలా ప్రమాదం. ఫారంలో 'లోహం లేదు' అని టిక్కు పెట్టేముందు ఎక్స్‌రే తీయించండి. పాత డిశ్చార్జి కాగితాలు చూపించండి.

అపోహ: ఈ చెవుడు వయసుతో వచ్చిందే.

వినికిడి పరీక్షలో వచ్చే గ్రాఫు, అంటే ఆడియోగ్రామ్ చూస్తే చాలాసార్లు తెలిసిపోతుంది. వయసు చెవుడులో గీత 8000 హెర్ట్జ్ (కీచు శబ్దాల) వైపు జారుతూ పోతుంది. తుపాకి మోత తిన్న చెవిలో 4000 దగ్గర గుంట పడి, 8000 దగ్గర మళ్ళీ కాస్త లేస్తుంది. కుడి భుజానికి రైఫిల్ ఆనించి కాల్చినవాళ్ళకు ఎడమ చెవే ఎక్కువ దెబ్బతింటుంది, గొట్టం మొన వైపు ఉండేది అదే కాబట్టి. లోపలి చెవిలో పోయిన వినికిడి కణాలు తిరిగి మొలవవు. హియరింగ్ ఎయిడ్‌ను వాయిదా వేయకండి. టీవీ సౌండు పెంచుకోవడం వైద్యం కాదు.

అపోహ: నాన్న చూసిన యుద్ధం పిల్లల రక్తంలోకీ వచ్చేస్తుంది.

వాట్సాప్‌లో తిరిగేది వియత్నాం కథ. అక్కడ అడవుల ఆకులు రాల్చడానికి అమెరికా చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే మందులో డయాక్సిన్ అనే విషం ఉంది. ఆ యుద్ధానికి వెళ్ళినవాళ్ళ పిల్లల్లో స్పైనా బిఫిడా (పుట్టుకతో వచ్చే వెన్ను లోపం) ఉన్నవారికి 1997 నుంచి అమెరికా ప్రభుత్వం సాయం చేస్తోంది. దాన్ని తెచ్చి 1999 కార్గిల్‌కు అంటగట్టకండి. మన ఇళ్ళలో పిల్లలకు ఎక్కువగా తగిలేది నాన్న నిద్రలేమి, ఉలికిపాటు, కోపం, తాగుడు. పీడకలలో ఉన్న మనిషిని పట్టుకుని కుదపకండి, చెయ్యి విసురుతాడు. లైటు వేసి, మంచం కాళ్ళవైపు నిలబడి, పేరు పెట్టి పిలవండి. వారాల తరబడి ఇదే తంతు అయితే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు తీసుకెళ్ళండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు.

అపోహ: పాతికేళ్ళు దాటితే పిల్లలెవరికీ ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) ఉండదు.

కొడుక్కి ఉద్యోగం, పెళ్ళి, 25 ఏళ్ళు - ఏది ముందొస్తే అప్పటివరకే. కూతురికి వయసు హద్దు లేదు, సంపాదన మొదలయ్యేదాకానో పెళ్ళయ్యేదాకానో ఉంటుంది. శాశ్వత వైకల్యంతో మీమీదే ఆధారపడిన కొడుక్కి పాతికేళ్ళ తర్వాతా వర్తిస్తుంది. ఎమర్జెన్సీలో పథకం జాబితాలో లేని ఆసుపత్రికి వెళ్ళాల్సివస్తే 48 గంటల్లో దగ్గరి ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌కు తెలియజేయండి. బిల్లు ఇరుక్కునేది ఎక్కువగా ఇక్కడే.