వ్యామ్ ప్యాకెట్ కొనే ముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

మిర్చి, టమాటా నారు పెంచి అమ్మడం నా వృత్తి. నారు కోసం వచ్చే రైతులు ఈ మధ్య తప్పకుండా అడిగే మాట: "ట్రేల్లో వ్యామ్ కలిపారా?" కలుపుతాను. కానీ దాని మీద వాళ్లు పెట్టుకునే ఆశలు వింటే నాకే టెన్షన్.

అపోహ: వ్యామ్ వేస్తే భాస్వరం ఎరువు వేసినట్టే.

వ్యామ్, అంటే మైకోరైజా, ఎరువు కాదు. వేరు లోపలికి చొచ్చుకుని బతికే శిలీంధ్రం. భాస్వరం నైట్రేట్‌లాగా నీటితో పాటు కదిలి రాదు. నల్లరేగడిలో సున్నంతో, ఎర్రనేలలో ఇనుము, అల్యూమినియంతో కలిసి బిగుసుకుపోతుంది. చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్లలో ఉన్నది తీసుకున్నాక వేరుకు అక్కడ ఇంకేమీ మిగలదు. శిలీంధ్రపు పోగులు వెంట్రుక కంటే ఎంతో సన్నం. నూగువేరు దూరలేని సందుల్లోకి దూరి, కొన్ని సెంటీమీటర్ల అవతలి నుంచి భాస్వరం, జింకు, రాగి మోసుకొస్తాయి. కూలి కింద మొక్క నుంచి చక్కెర, కొవ్వు పుచ్చుకుంటాయి. అది మోత కూలీయే, నేలలో లేనిది తేలేదు. గాలిలోని నత్రజనిని పట్టడం కూడా దాని పని కాదు. అది మినుము, పెసర వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియా చూసుకుంటుంది.

అపోహ: డీఏపీ, వ్యామ్ రెండూ దండిగా వేస్తే ఫలితం రెట్టింపు.

అందరూ పడేది ఇక్కడే, నేనూ పడ్డాను. మొదట్లో ట్రేల్లో వ్యామ్ కలిపి, పైన రోజు మార్చి రోజు 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే ఎరువు) ద్రావణం పోశాను. నారు నిగనిగలాడింది. తెలిసినాయన వేళ్లకు రంగు పట్టించి మైక్రోస్కోపులో చూపిస్తే లోపల శిలీంధ్రం దాదాపు లేదు. భాస్వరం కడుపునిండా దొరికే మొక్క కూలీని పెట్టుకోదు, వేళ్లలోకి రానివ్వడమే తగ్గిస్తుంది. భాస్వరం బాగా ఉండే డీఏపీ ఏటా బస్తాలకు బస్తాలు పడిన చేలో, మట్టి పరీక్షలో భాస్వరం "ఎక్కువ" అని వచ్చినచోట, వ్యామ్‌కు పెట్టిన డబ్బు చాలావరకు దండగే.

అపోహ: ఏ పంటకైనా పనిచేస్తుంది.

క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాలు ఈ శిలీంధ్రంతో జత కట్టవు. తోటకూర, పాలకూర, బీట్‌రూట్ కూడా దాదాపు అంతే. క్యాబేజీ రైతు వ్యామ్ అడిగితే వద్దనే చెబుతాను. ఉల్లికి నూగువేళ్లు తక్కువ కాబట్టి బాగా ఉపయోగం. మొక్కజొన్న, జొన్న, కంది, మిర్చి, అరటి, బత్తాయి కూడా జత కట్టేవే. నీళ్లు నిలిచే వరి మడిలో మాత్రం ఈ శిలీంధ్రం అంతంతమాత్రమే.

అపోహ: ట్రైకోడెర్మా, పీఎస్‌బీ, వ్యామ్ అన్నీ ఒకటే.

ట్రైకోడెర్మా తెగుళ్ల శిలీంధ్రాల మీద పోరాడేది, పీఎస్‌బీ నేలలో బిగుసుకున్న భాస్వరాన్ని కరిగించే బాక్టీరియా. పేర్లు కలిపేస్తే ఫలితమూ కలగాపులగమే.

అపోహ: ఆకుల మీద కొట్టినా, డ్రిప్‌లో వదిలినా చాలు.

లేత వేరుకు తగలాలి. ఆకు మీద పడినది వృథా. శిలీంధ్రపు బీజాలు పెద్దవి కాబట్టి కొన్ని డ్రిప్ ఫిల్టరులోనే ఆగిపోతాయి. అందుకే నారు దశలో మట్టిలో కలపడమే మేలు. కలిపాక వారం తిరక్కుండా మొక్క మొదలు దగ్గర శిలీంధ్రాలను చంపే కార్బండజిమ్ మందు పోస్తే అంతా అయిపోయినట్టే.

అపోహ: కొని వేయకపోతే నేలలో ఉండదు.

చాలా నేలల్లో అది ముందు నుంచీ ఉంది. పదేపదే లోతు దుక్కి చేస్తే పోగులు తెగిపోతాయి. చేను చాలాకాలం బీడు పడితే, బతికే వేరు లేక సంఖ్య తగ్గుతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో దీర్ఘకాలం బీడు వదిలిన పొలాల్లో పంటలు సరిగ్గా ఎదగకపోవడానికి ఇదే కారణమని 1980ల్లో తేల్చారు. అందుకే నారు కోసం వచ్చినవాళ్లను ముందుగా కిందటిసారి వేసిన పంట ఏమిటని అడుగుతాను. జొన్నో మొక్కజొన్నో వేసి, దుక్కి తేలిగ్గా చేశామంటే, వ్యామ్ లేని ట్రేలే ఇస్తాను. ట్రేకు నాలుగు రూపాయలు తక్కువ వస్తాయి నాకు.