చెప్పకుండా వేసిన పన్నులు: ఎస్టోనియా పార్లమెంటు గొడవ వెనక కథ

ఎస్టోనియా పార్లమెంటులో ప్రతిపక్షం వాళ్లు కారు పన్ను గురించి మొదలుపెట్టినా, పిల్లల భత్యం గురించి మొదలుపెట్టినా చివరికి ఒక్క నింద దగ్గరికే వస్తారు. అధికారంలో ఉన్న రిఫార్మ్ పార్టీ ఎన్నికల ముందు జనానికి చెప్పకుండా పన్నులు పెంచిందన్నది ఆ నింద. 2023 నుంచీ ఇదే వరస. పన్ను రెండు శాతం పెరిగితే ఇంత గొడవా అని మనకు అనిపిస్తుంది. ఆ దేశంలో పన్ను అంటే ఏమిటో తెలిస్తే గానీ ఇది అర్థం కాదు.

దేశం చిన్నది. జనాభా 14 లక్షల లోపే, మన దగ్గర కొన్ని జిల్లాల్లోనే అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. పార్లమెంటును రీగికోగు అంటారు. రాజధాని తాలిన్‌లో టోంపెయా కొండ మీది కోటలో 101 మంది సభ్యులు కూర్చుంటారు. 1991 ఆగస్టులో సోవియట్ యూనియన్ నుంచి బయటపడి, 1992లో సొంత కరెన్సీ క్రూన్ తెచ్చుకున్నారు. అదే ఏడాది 32 ఏళ్ల మార్ట్ లార్ ప్రధాని అయ్యాడు. 1994లో ఆయన ప్రభుత్వం ఒక సాహసం చేసింది. సంపాదన ఎంతైనా సరే, అందరికీ ఒకటే ఆదాయపు పన్ను రేటు, 26 శాతం అంది. ఐరోపాలో అప్పటికి అలా చేసినవాళ్లు లేరు. 2000 నుంచి కంపెనీలు లాభాన్ని పంచుకోకుండా వ్యాపారంలోనే ఉంచితే దాని మీద పన్ను లేదన్నారు.

ఈ రేటు తర్వాత ఒక్కో మెట్టూ దిగింది. 2008 నాటికి 21, 2015లో 20. తక్కువ పన్ను, తేలికైన పన్ను, తక్కువ అప్పు: కొత్త దేశం తన గురించి తాను చెప్పుకునే గొప్పలు ఇవే. ఈ ఘనతలో పెద్ద వాటా తమదేనని చెప్పుకునేది రిఫార్మ్ పార్టీ. 1994లో దాన్ని పెట్టిన సీమ్ కల్లస్ అంతకుముందు, క్రూన్ వచ్చిన రోజుల్లో, కేంద్ర బ్యాంకు అధిపతి. ఆయన కూతురు కాయా కల్లస్ 2021లో ప్రధాని అయింది. అందుకే ఈ కథలో కొంచెం ఇంటి గొడవ వాసన కూడా ఉంది. నాన్న పెట్టిన పార్టీ, పన్నులు తగ్గించే పార్టీ. పన్నులు పెంచాల్సిన పని కూతురి మీద పడింది.

రిఫార్మ్ పార్టీ అంతకుముందు ఎప్పుడూ పన్ను పెంచలేదని కాదు. 2009 సంక్షోభంలో వ్యాట్‌ను (మన జీఎస్టీ లాంటిదే) 18 నుంచి 20 శాతానికి పెంచింది వాళ్ల ప్రభుత్వమే. కాకపోతే అప్పుడు ఆర్థిక వ్యవస్థ కుప్పకూలుతోంది, జనం పళ్లు బిగించుకుని భరించారు.

పన్ను మీద రాజకీయం ఎలా తిరగబడుతుందో 2017, 2018ల్లో ఇంకో రూపంలో కనబడింది. అప్పుడు అధికారంలో సెంటర్ పార్టీకి చెందిన యూరి రతాస్ ప్రభుత్వం ఉంది. మద్యం మీద ఎక్సైజ్ గట్టిగా పెంచారు. జనం ఏం చేశారు? కార్లేసుకుని సరిహద్దు దాటి లాట్వియాలో బీరు కొనుక్కొచ్చుకున్నారు. వాల్గా పట్టణం సగం ఇటు, సగం అటు ఉంటుంది కాబట్టి అక్కడి వాళ్లకైతే వీధి దాటితే చాలు. చివరికి 2019 జూలైలో ఎక్సైజ్‌ను 25 శాతం తగ్గించక తప్పలేదు. అప్పుడు ఆర్థిక మంత్రి ఎక్రే అనే కరడుగట్టిన జాతీయవాద పార్టీకి చెందిన మార్టిన్ హెల్మె. ఇప్పుడు ప్రతిపక్షంలో అందరికన్నా గట్టిగా అరిచే వాళ్లలో ఆయనొకడు.

రతాస్ ప్రభుత్వమే 2018లో ఇంకో మార్పు తెచ్చింది. నెలకు 1,200 యూరోల లోపు సంపాదించేవాళ్లకు 500 యూరోల దాకా పన్ను ఉండదు. జీతం 1,200 దాటాక ఆ మినహాయింపు తగ్గుతూ పోయి 2,100 దగ్గర పూర్తిగా పోతుంది. అంటే మధ్యలో ఉన్నవాడికి జీతం వంద పెరిగితే చేతికొచ్చే పెంపు అనుకున్నంత ఉండదు. లెక్క గీసినప్పుడు మధ్యలో ఎత్తుగా లేస్తుంది కాబట్టి దీనికి పన్ను మూపురం అని పేరు పెట్టారు. ఆ మూపురాన్ని తీసేస్తామన్నది రిఫార్మ్ పార్టీ వాగ్దానం.

ఇక 2022. ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలైంది. ఆ ఏడాది ఎస్టోనియాలో ధరలు సగటున 19.4 శాతం పెరిగాయి. పక్కనే రష్యా ఉంది కాబట్టి రక్షణ ఖర్చు పెంచక తప్పదు. ఇదే సమయంలో పిల్లలున్న కుటుంబాల భత్యం మీద అధికార కూటమిలోనే కొట్లాట మొదలైంది. 2022 జూన్‌లో కల్లస్ సెంటర్ పార్టీ మంత్రులను బయటికి పంపి, సంప్రదాయవాద ఇసామా పార్టీతోనూ సోషల్ డెమోక్రాట్లతోనూ జత కట్టింది. ఇసామా అడిగిన ధర భత్యం పెంపు. 2023 జనవరి నుంచి ముగ్గురు మొదలు ఆరుగురు దాకా పిల్లలున్న కుటుంబానికి నెలకు 600 యూరోలు, ఏడుగురు, ఆపైన ఉంటే 800.

2023 మార్చిలో ఎన్నికలు. రిఫార్మ్ పార్టీకి 37 సీట్లు వచ్చాయి. ‘ఎస్టోనియా 200’ అనే పార్టీతోనూ సోషల్ డెమోక్రాట్లతోనూ కలిసి 60 మందితో ప్రభుత్వం ఏర్పడింది. ఇసామా ప్రతిపక్షంలోకి పోయింది. కూటమి ఒప్పందం బయటికొచ్చాక చూస్తే వ్యాట్ 22కి, ఆదాయపు పన్ను 22కి, కొత్తగా కారు పన్ను. పైగా ఏడాది తిరగకముందే ఆ కుటుంబ భత్యానికి కోత: 600 కాస్తా 450, 800 కాస్తా 650. ఖజానా అనుకున్నదానికన్నా అధ్వాన్నంగా ఉందని ప్రభుత్వం అంది. ఆ సంగతి ఓటు అడిగేటప్పుడు తెలియదా అని ప్రతిపక్షం అడిగింది. నా మటుకు నాకు ఈ ప్రశ్నలో న్యాయం ఉందనే అనిపిస్తుంది, అడిగేవాళ్లు ఎవరైనా సరే.

అడగడంతో ఆగలేదు. సభను నడవనివ్వకుండా చేశారు. రీగికోగు నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది: సవరణ మీద ఓటు వేసే ముందు ఏ పార్టీ అయినా పది నిమిషాల విరామం అడగొచ్చు. కాబట్టి సవరణలు కుప్పలుగా పెడితే చాలు, బిల్లు కదలదు. దీనికి తోడు మంత్రులకు ప్రశ్నలు వరదలా వేశారు. రాత్రంతా సభ నడిచిన రోజులున్నాయి.

ఈ ఆయుధం ఎవరు పదును పెట్టారో గుర్తు చేసుకోవాలి. పెళ్లి అంటే స్త్రీ పురుషుల మధ్యదేనా అని 2021లో ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని ఎక్రే పట్టుబట్టినప్పుడు, అప్పటి ప్రతిపక్షం 9 వేలకు పైగా సవరణలు పెట్టింది. ఒక్కోదానికి పది నిమిషాల చొప్పున లెక్కేస్తే 1,500 గంటలు, నిద్రాహారాలు మానేసినా రెండు నెలలు. అప్పటి ప్రతిపక్షం రిఫార్మ్ పార్టీ, సోషల్ డెమోక్రాట్లు. ఆ ఏడాది జనవరిలో రతాస్ ప్రభుత్వం పడిపోవడంతో ఆ బిల్లూ పోయింది. రెండేళ్లు తిరిగేసరికి అదే కత్తి వాళ్ల మెడ మీదికొచ్చింది.

కల్లస్ ప్రభుత్వం దీనికి విరుగుడుగా రాజ్యాంగంలోని 98వ అధికరణాన్ని వాడింది. దాని ప్రకారం ప్రభుత్వం ఒక బిల్లును విశ్వాస పరీక్షతో ముడిపెట్టొచ్చు. బిల్లు నెగ్గకపోతే ప్రభుత్వం రాజీనామా చెయ్యాలి. అలా ముడిపెట్టాక సవరణల మీద ఒక్కొక్కటిగా ఓటింగ్ ఉండదు. 2023 జూన్‌లో పన్ను పెంపులు, భత్యం కోత, ఒకే లింగం వారి వివాహ చట్టం కూడా ఇలాగే నెగ్గాయి. చట్టప్రకారం తప్పు లేదు. కాకపోతే చర్చ లేకుండా పన్ను వేశారన్న రెండో నింద ప్రతిపక్షం చేతికి అందింది. చర్చను అడ్డుకున్నది మీరే కదా అని అధికార పక్షం అంటుంది. ఆ మాటా నిజమే.

కారు పన్ను ఇంకా కష్టంగా గడిచింది. బస్సులు సరిగా లేని పల్లెల్లో, దీవుల్లో కారు లేకపోతే ఆసుపత్రికీ బడికీ వెళ్లలేరు. 2024 జూన్‌లో చట్టం నెగ్గింది గానీ, వికలాంగుల విషయంలో సమానత్వం లేదంటూ అధ్యక్షుడు అలార్ కారిస్ సంతకం పెట్టలేదు. జూలై నెలాఖరున మార్చి మళ్లీ ఆమోదించారు. 2025 జనవరి నుంచి అమలైంది. అదే నెల నుంచి ఆదాయపు పన్ను కూడా 22 అయింది. తాలిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే మనవాళ్లకీ పే స్లిప్‌లో ఆ తేడా కనబడే ఉంటుంది.

ఈలోగా కల్లస్ ఐరోపా యూనియన్ పదవికి బ్రస్సెల్స్ వెళ్లిపోయింది. 2024 జూలైలో క్రిస్టెన్ మిఖల్ ప్రధాని అయ్యాడు. ఆయన వస్తూనే రక్షణ కోసం భద్రతా పన్ను అన్నాడు: 2025 జూలై నుంచి వ్యాట్ 24, 2026 నుంచి ఆదాయపు పన్ను 24, కంపెనీల లాభం మీద 2 శాతం. రక్షణకు డబ్బు వద్దని ప్రతిపక్షంలోని ఇసామా అనలేదు. రష్యా పక్కన బతికే దేశంలో ఆ మాట అనడం తేలిక కూడా కాదు. పన్ను కాదు, ఖర్చు తగ్గించండి అంది. ఇసామా నాయకుడు ఉర్మాస్ రెయిన్సాలు వాదన చాలామటుకు ఇదే.

కంపెనీల లాభం మీద పన్ను అమల్లోకి రాకముందే వదిలేశారు. 2025 మార్చిలో సోషల్ డెమోక్రాట్లను కూటమి నుంచి తీసేశారు. సెప్టెంబరులో ఆదాయపు పన్ను 24కి పెంచబోమని కూడా ప్రభుత్వం ప్రకటించింది. అక్టోబరులో జరిగిన స్థానిక ఎన్నికల్లో అధికార కూటమిలోని రెండు పార్టీలూ చిత్తుగా ఓడిపోయాయి. పన్ను మూపురం కూడా 2026 జనవరి నుంచి పోయింది, ఇప్పుడు అందరికీ నెలకు 700 యూరోల దాకా ఒకటే మినహాయింపు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నామని ప్రభుత్వం అంటోంది. ఇప్పుడు వద్దనుకోగలిగిన పన్నును అసలు ఎందుకు వేద్దామనుకున్నారని ప్రతిపక్షం అడుగుతోంది. వ్యాట్ మాత్రం 24 దగ్గరే ఉంది. రీగికోగుకు ఎన్నికలు 2027 మార్చిలో.