ప్రోటాన్ లోపలి గ్లూయాన్లు: తరచూ వినిపించే అపోహలు

అపోహ: ప్రోటాన్ అంటే మూడు క్వార్కులు, అంతే.

ఇంటర్ ఫిజిక్స్ దాకా ఈ మాట సరిపోతుంది. కానీ ఒకసారి లెక్క వేయండి. ఆ మూడు క్వార్కుల ద్రవ్యరాశులు కలిపితే 9 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, ప్రోటాన్‌దేమో 938. అంటే నూటికి ఒక వంతు! మిగతాదంతా లోపలి క్వార్కుల పరుగులోనూ, వాటిని పట్టి ఉంచే గ్లూయాన్లలోనూ ఉన్న శక్తే. మన ఒంటి బరువులో ఎక్కువ భాగం అక్కడి నుంచే వస్తోంది, అందుకే నాకు గ్లూయాన్లను వెతికే ఈ పని అంటే ఇంత ఇష్టం.

అపోహ: గట్టి కాంతి వేస్తే గ్లూయాన్లు కనబడతాయి.

కనబడవు. గ్లూయాన్‌కి విద్యుదావేశం లేదు, ఫోటాన్ దాన్ని నేరుగా తాకలేదు. అందుకని చుట్టుదారి పడతాం: ఫోటాన్ క్షణకాలం చార్మ్ అనే బరువైన రకం క్వార్కు, దాని యాంటీ క్వార్కుల జంటగా మారుతుంది, ప్రోటాన్‌లో చార్మ్ దాదాపు ఉండదు కాబట్టి ఆ జంట ప్రోటాన్‌ని తాకాలంటే ప్రధానంగా గ్లూయాన్ల ద్వారానే తాకాలి, అలా తాకి జే/సై మేసాన్‌గా, అంటే ఆ రెండూ కలిసిన ఒకే కణంగా బయటికొస్తుంది.

అపోహ: శక్తి ఎంత ఎక్కువైతే అంత మంచిది.

ద్రవ్యరాశి సంగతి తేల్చాలంటే జే/సై పుట్టడానికి కావలసిన కనీస శక్తి దగ్గరే మాకు పని. వర్జీనియాలోని జెఫర్సన్ ల్యాబ్‌లో దాదాపు 12 జీఈవీ (ఒక జీఈవీ అంటే వెయ్యి మెగా ఎలక్ట్రాన్ వోల్టులు) శక్తి గల ఎలక్ట్రాన్లను పల్చటి వజ్రం గుండా పంపి ఫోటాన్లు తెప్పిస్తారు, అవి ద్రవ హైడ్రోజన్‌ని తాకుతాయి. జే/సై ద్రవ్యరాశి 3.1 జీఈవీయే అయినా ఫోటాన్‌కి 8.2 కావాలి. దెబ్బ తిన్న ప్రోటాన్, కొత్త మేసాన్ రెండూ ముందుకు దూసుకుపోవాలి కదా, మిగతా శక్తి ఆ కదలికకే పోతుంది. అక్కడ దొరికేవి చాలా తక్కువ. ఆ ల్యాబ్‌లోని గ్లూఎక్స్ ప్రయోగం 2019లో చూపించిన జే/సైలు 469, 2023 నాటికి సుమారు 2270. జే/సై వెంటనే విడిపోయి ఎలక్ట్రాన్, పాజిట్రాన్‌ల జంటగా మారితే ఆ జంటని బట్టి దాన్ని గుర్తుపడతాం. ఆ కొద్దివాటిలోనూ ఎలక్ట్రాన్లలా నటించే పయాన్లు అనే వేరే కణాలను ఏరెయ్యాలి: ఎలక్ట్రాన్ అయితే తన శక్తినంతా శక్తిని కొలిచే కెలోరీమీటర్‌లో దించేస్తుంది, పయాన్ సాధారణంగా కొంతే వదులుతుంది. ఏరాక ఆ జంటల ద్రవ్యరాశి గ్రాఫులో 3.1 జీఈవీ దగ్గర సన్నటి శిఖరం లేస్తుంది చూడండి, ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

అపోహ: ప్రోటాన్ ద్రవ్యరాశి వ్యాసార్థం కొలిచేశారు, ఇక అయిపోయింది.

2023లో అదే ల్యాబ్‌లోని హాల్ సీ బృందం ఫలితం నేచర్‌లో వచ్చింది, ప్రోటాన్‌లో ద్రవ్యరాశి ఎంత దూరం పరుచుకుందో చెప్పే ఆ వ్యాసార్థం, విద్యుదావేశం ఎంత దూరం పరుచుకుందో చెప్పే 0.84 ఫెమ్టోమీటర్ల ఆవేశ వ్యాసార్థం కన్నా చిన్నదని. గొప్ప పని, ఒప్పుకుంటాను. కానీ డేటా నుంచి ఆ అంకె దాకా వెళ్లే దారిలో సిద్ధాంతం చేసిన ఊహలున్నాయి, వాటిలో ముఖ్యమైనది జే/సై పుట్టుక అంతా గ్లూయాన్ల మార్పిడి వల్లేనన్నది. ఏ ఫోటాన్ శక్తి దగ్గర జే/సైలు ఎంతగా పుడతాయో చూపే గ్లూఎక్స్ 2023 గ్రాఫులో 9 జీఈవీ దగ్గర చిన్న గుంటలాంటిది కనబడుతోంది. అది నిజమే అయితే మధ్యలో చార్మ్ కణాలు వేరే దారిలో పుట్టి మళ్లీ కలుస్తున్నాయేమోనన్న అనుమానం బలపడుతుంది, అప్పుడు ఆ వ్యాసార్థాన్ని మళ్లీ లెక్కగట్టాలి. ఆ గుంట నిజమా, డేటా తక్కువై అలా కనబడుతోందా అన్నది తేలాలంటే ఇంకా చాలా జే/సైలు కావాలి.