సైటేషన్ల లెక్క ఎక్కడ మొదలైంది, ఎన్ఎల్‌పీ వాళ్ళ దాకా ఎలా వచ్చింది

ఇవాళ ఎన్ఎల్‌పీలో, అంటే కంప్యూటర్లతో మనుషుల భాషని అర్థం చేయించే రంగంలో, పనిచేసే ఎవరి పేరు వెతికినా ముందు వచ్చేది గూగుల్ స్కాలర్ పేజీ, అందులో సైటేషన్లు (వాళ్ళ పేపర్లని వేరే పేపర్లు ఎన్నిసార్లు ప్రస్తావించాయో ఆ లెక్క), వాటి మీద కట్టిన హెచ్-ఇండెక్స్ అనే నంబరు. ఉద్యోగం దగ్గర్నుంచి గ్రాంటు దాకా వాటినే చూస్తున్నారు. కానీ ఈ లెక్క మొదలైంది మనుషుల్ని కొలవడానికి కాదు.

1955లో యూజీన్ గార్ఫీల్డ్ సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. అమెరికాలో లాయర్లకి షెపర్డ్స్ సైటేషన్స్ అని ఒక సూచీ ఉండేది, పాత తీర్పుని తర్వాత ఏ కేసుల్లో ప్రస్తావించారు, అది ఇంకా చెల్లుతుందా కొట్టేశారా అని చూసుకోడానికి. సైన్సుకీ అలాంటిది కావాలన్నాడు, పేపర్లో తప్పుందని ఎవరో తర్వాత రాసినా అది తెలీక జనం పాతదాన్నే వాడుతున్నారని. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వచ్చింది. ఎవరికెన్ని అని లెక్కపెట్టుకోవడం ఆ తర్వాత పట్టుకుంది.

ఆ సూచీ జర్నళ్ళ చుట్టూ కట్టింది. కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్‌లోనేమో (ఎన్ఎల్‌పీకి దాదాపు ఇంకో పేరు) మంచి పని చాలావరకు కాన్ఫరెన్సుల్లోనే వస్తుంది, 1962లో పుట్టిన ఏసీఎల్ అనే ఈ రంగం వాళ్ళ సంఘం పెట్టేలాంటి చోట్ల. అందుకే జర్నల్ లెక్కల్లో వీళ్ళ పని సరిగ్గా కనబడేదే కాదు. 2002లో స్టీవెన్ బర్డ్ ఏసీఎల్ ఆంథాలజీ అనే ఆన్‌లైన్ పేపర్ల భాండారం మొదలుపెట్టాక పాత పేపర్లు ఒక్కచోట ఉచితంగా దొరికాయి, తర్వాత మిషిగన్‌లో డ్రాగోమిర్ రాదేవ్ బృందం వాటిలో ఎవరు ఎవర్ని సైట్ చేశారో మొత్తం పట్టిక కట్టింది. చాలా పెద్ద పని అది. కాకపోతే ఆంథాలజీ లోపలున్న పేపర్ల మధ్య లెక్కే.

కేంబ్రిడ్జి పరిశోధకురాలు కారెన్ స్పార్క్ జోన్స్ సంగతి చూడండి. ఒక మాట ఎంత తక్కువ డాక్యుమెంట్లలో కనిపిస్తే దానికి అంత ఎక్కువ బరువివ్వాలి అని 1972లో ఆవిడ చెప్పింది, అదే ఐడీఎఫ్ (ఇన్వర్స్ డాక్యుమెంట్ ఫ్రీక్వెన్సీ), సెర్చ్ అనేదానికి పునాదుల్లో ఒకటి. ఆ పేపర్ వచ్చింది జర్నల్ ఆఫ్ డాక్యుమెంటేషన్‌లో, అంటే ఏసీఎల్ పట్టికకి బయట. పైగా ఐడీఎఫ్ ఎంత మామూలైపోయిందంటే వాడేవాళ్ళలో చాలామంది ఆవిడ పేరు రాయనే రాయరు. కేంబ్రిడ్జిలో కెరీర్‌లో చాలా భాగం తాత్కాలిక కాంట్రాక్టుల మీదే నెట్టుకొచ్చి, 1999లో ప్రొఫెసర్ అయింది. నాకు ఇది చదివినప్పుడల్లా కోపం వస్తుంది.

2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ హెచ్-ఇండెక్స్ ఇచ్చాడు: కనీసం ఇరవై సైటేషన్ల చొప్పున వచ్చిన పేపర్లు ఇరవై ఉంటే మీ హెచ్ ఇరవై. ఒక్క నంబరుతో మనిషి పని మొత్తం తేలదని ఆయనే అదే పేపర్లో రాశాడు, ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. 2011లో గూగుల్ స్కాలర్ ప్రొఫైళ్ళు అందరికీ తెరిచాక ఆ నంబరు ప్రతి పేరు పక్కనా వచ్చి కూర్చుంది. మన దగ్గర యూజీసీ 2010లో కాలేజీ, యూనివర్సిటీ టీచర్ల నియామకాలకీ ప్రమోషన్లకీ ఏపీఐ పాయింట్లు పెట్టింది, అందులో కాన్ఫరెన్స్ పేపర్ కన్నా జర్నల్ పేపర్‌కే ఎక్కువ ఉండేవి, కాన్ఫరెన్సులే ప్రాణమైన ఫీల్డుకి ఇది ఎంత అన్యాయమో వేరే చెప్పక్కర్లేదు.

మన భాషల విషయానికొస్తే అక్షర్ భారతి ఉంది. అది మనిషి పేరు కాదు, ఐఐటీ కాన్పూర్‌లో మొదలై తర్వాత హైదరాబాద్ వచ్చిన ఒక బృందం పెట్టుకున్న పేరు. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ పేర్లతో పాటు పాణిని వ్యాకరణం పద్ధతిలో ఎన్ఎల్‌పీ గురించి రాసిన 1995 పుస్తకం మీద ఆ పేరే ముందుంటుంది. కారకాల (క్రియతో కర్త, కర్మ లాంటి సంబంధాల) ఆధారంగా హిందీ, తెలుగు ట్రీబ్యాంకులు, అంటే వాక్య నిర్మాణం గుర్తించి పెట్టిన వాక్యాల సేకరణలు, చేసినవాళ్ళు ఆ పుస్తకాన్నే సైట్ చేస్తారు, మరి ఆ సైటేషన్ ఎవరి ఖాతాలో వేయాలి? ఆ బృందంలో ఉండి డిక్షనరీలు, మార్ఫ్ ఎనలైజర్లు (పదాన్ని ధాతువు, ప్రత్యయాలుగా విడగొట్టే ప్రోగ్రాములు) కట్టినవాళ్ళకి ఏ హెచ్-ఇండెక్స్‌లోనూ చోటు లేదు. తెలుగు వాక్యాలు ఒక్కొక్కటీ విడగొట్టి ట్యాగ్ చేసినవాళ్ళదీ అదే పరిస్థితి, వాళ్ళ డేటా మీద మోడల్ ట్రైన్ చేసినవాళ్ళకి మాత్రం పేపర్ వస్తుంది, సైటేషన్లూ వస్తాయి.

జర్నల్ నంబర్లతో మనుషుల్ని తూచొద్దని 2013లో డోరా (శాన్ ఫ్రాన్సిస్కో) ప్రకటన వచ్చింది, పరిశోధనని కొలిచే నంబర్లని జాగ్రత్తగా వాడాలని 2015లో లైడెన్ మేనిఫెస్టో వచ్చింది. ఏసీఎల్ పదేళ్ళు, పాతికేళ్ళు దాటినా నిలబడ్డ పేపర్లకి అవార్డులిస్తోంది. నాకు అన్నిటికన్నా పనికొచ్చేది అనిపించింది మాత్రం ఇప్పుడు ఏసీఎల్‌కి పేపర్ పంపేటప్పుడు నింపాల్సిన చెక్‌లిస్టు, అందులో మీరు వాడిన డేటా, టూల్స్ చేసినవాళ్ళని సైట్ చేశారా అని సూటిగా అడుగుతారు.